తెలుగు నేర్చుకునేవారికి ఉమ్మడి గైడు: అచ్చు పుస్తకమా, వికీనా, గూగుల్ డాక్యుమెంటా?

తిరుపతిలో ఉంటున్న పొరుగు రాష్ట్రాలవారి కోసం నలుగురూ కలిసి ఒక తెలుగు గైడు రాద్దామనుకునే మిత్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. పుస్తకంగా అచ్చు వేయించాలా, వికీలో పెట్టాలా, గూగుల్ డాక్యుమెంటు ఒకటి తెరిచి అందరి చేతా రాయించాలా?

గైడు అవసరమా కాదా అన్న చర్చ ఇప్పుడు అక్కర్లేదు. 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ ఏర్పేడు వైపు సొంత ప్రాంగణాల్లో కుదురుకున్నాయి. సంస్కృత విశ్వవిద్యాలయంలో చదవడానికి ఒడిశా, బెంగాల్ నుంచి కూడా విద్యార్థులు వస్తారు. శ్రీసిటీ కర్మాగారాల్లో, ఆసుపత్రుల్లో, హోటళ్ళ వంటశాలల్లో పనిచేసేవారిలోనూ తెలుగు రానివారు ఉన్నారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటారు, కూరగాయల దగ్గర మాత్రం ఇంకా వేళ్ళు చూపించే బేరమాడతారు. నేర్చుకోవాలన్న కోరిక వారిలో చాలామందికి ఉంది. వారి రోజువారీ అవసరానికి తగ్గట్టు రాసిన పాఠాలే కరువు.

ఏది మేలో చెప్పే ముందు, నేను దేన్నిబట్టి తూకం వేస్తున్నానో చెప్పాలి. ఖర్చు ఎంత, చూడటానికి ఎలా ఉంటుంది, ఎంతమందికి చేరుతుంది అన్నవన్నీ ముఖ్యమే. వాటన్నిటికంటే ముందు నేను చూసేది ఒకటి: చదివేవారు ఒక వాక్యం దగ్గర ఆగిపోతే ఆ సంగతి రాసినవారికి తెలిసే దారి ఉందా? తెలుగు గడ్డ మీద పుట్టి పెరిగినవాళ్ళకు తెలుగులో ఏది కష్టమో తెలియదు. మనం కష్టమనుకుని పేజీలకు పేజీలు రాసే సంధులు నేర్చుకునేవారికి అక్కరకు రావు. మన ఊహకే రాని చోట వాళ్ళు ఆగిపోతారు.

మేం కొందరం గూగుల్ డాక్యుమెంటులో రాస్తున్న గైడులోని షేర్ ఆటో పాఠమే చూడండి. ‘అలిపిరికి వస్తారా?’, ‘ఎంత తీసుకుంటారు?’, ‘ఇక్కడ ఆపండి’. రాసినవారికి ఇంతటితో పాఠం పూర్తయినట్టే అనిపించింది. దాన్ని చదివి ఆటో ఎక్కిన ఒక ఒడియా విద్యార్థి ఆ వాక్యాల పక్కన ఇలా వ్యాఖ్య పెట్టాడు: ‘నేను అడిగింది డ్రైవరుకు అర్థమైంది. ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదు. మనిషికి ఇరవై అన్నారు. కి అంటే వెళ్ళే చోటు అని రెండో పాఠంలో ఉంది కదా. మనిషి దగ్గరికి వెళ్ళడం ఏమిటి?’

ఆ ఒక్క వ్యాఖ్యతో పాఠం స్వరూపమే మారిపోయింది. ప్రతి ప్రశ్న కిందా వినబడే జవాబులు చేర్చాం: ‘మనిషికి ఇరవై’, ‘ఇంకొకరు ఎక్కితే బయలుదేరదాం’, ‘అటు వెళ్ళను, లీలామహల్ దగ్గర దింపుతాను’. ‘మనిషికి, కిలోకి, రోజుకి’ అని పక్కనే ఒక చిన్న పెట్టె కట్టాం. కూరగాయల పాఠాన్నీ మందుల షాపు పాఠాన్నీ కూడా తర్వాత అదే పద్ధతిలో తిరగరాశాం. మనలో ఎంత చేయి తిరిగినవారు రాసినా ఈ చిక్కు వారి కంటపడదు. వారు ఆ జవాబులను పుట్టినప్పటి నుంచీ వింటున్నారు మరి.

ఈ తూకంతో చూస్తే అచ్చు పుస్తకం వెనుకబడుతుంది. పుస్తకానికి ఉండే గౌరవం వేరు, కాదనను. ఛార్జింగు అక్కర్లేదు, ఇంట్లో పెద్దవారు కూడా తెరుస్తారు. డెమ్మీ సైజులో మూడు ఫారాలు, అంటే 48 పేజీలు, చేతిసంచిలో ఇమిడిపోతాయి. అయితే ఆఫ్‌సెట్‌లో కొద్ది ప్రతులే వేయిస్తే ఒక్కోదానికి ఖర్చు ఎక్కువ పడుతుంది. గిట్టుబాటు కావాలంటే వందల్లో వేయించాలి, ఆ ప్రతులన్నీ చెల్లేదాకా అందులోని తప్పులూ చెల్లుబాటవుతూనే ఉంటాయి. బయటివారికి తెలియని మరో చిక్కు కూడా ఉంది. మనం టైపు చేసి ఇచ్చేది యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలో. డీటీపీ చేసేవారిలో చాలామంది ఇప్పటికీ దాన్ని ‘అను’ అనే పాత పద్ధతి ముద్రణ ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతారు. మార్చేటప్పుడు అక్కడక్కడ ఒత్తులు చెదిరిపోతాయి, వాటిని ప్రూఫులో దిద్దుతాం. దిద్దుతూ దిద్దుతూ నాలుగు వాక్యాలు మెరుగుపరుస్తాం కూడా. ఆ మెరుగులన్నీ అను ఫైలులోనే ఉండిపోతాయి, మూలప్రతిలోకి తిరిగి రావు. రెండో ముద్రణ నాటికి మన దగ్గర ఒకదానితో ఒకటి పొసగని రెండు గైడులు తయారవుతాయి. పదిమంది కలిసి చేసే పనికి ఇంతకంటే నష్టం ఇంకేం కావాలి?

ఇదే ప్రశ్న అడిగిన చిత్తూరు మిత్రుల అవసరం వేరు. వాళ్ళు రాయాలనుకుంటున్నది వేలూరు ఆసుపత్రికి వెళ్ళేవారి కోసం తమిళ గైడు. చిత్తూరు పట్టణంలో చాలామందికి తమిళం వచ్చు, పీలేరు, మదనపల్లె వైపు నుంచి వెళ్ళేవారికి అంతగా రాదు. వేలూరులో తెలుగు తెలిసినవారు దొరుకుతారు గానీ ప్రతి కౌంటరు దగ్గరా, ప్రతి పరీక్ష గది ముందూ ఉండరు కదా. ‘ఎంగ వలిక్కుదు?’ అంటే ఎక్కడ నొప్పి అని అడుగుతున్నారు, ‘వెరుం వయిత్తుల వరణుం’ అంటే పరగడుపున రమ్మంటున్నారు అని తెలిస్తే చాలు, సగం కంగారు తగ్గుతుంది. రోగిని వెంటబెట్టుకుని వెళ్ళే మనిషి ఫోనులో వ్యాఖ్యలు పెడుతూ కూర్చోడు. అక్కడ మడతపెట్టి జేబులో పెట్టుకునే అచ్చు కాగితమే మేలు, అందులో నాకు సందేహం లేదు. తెలుగు లిపిలో రాస్తే ఎవరైనా చదువుకుంటారు. వేయించే ముందు మాత్రం ఇప్పటికే వెళ్ళి వచ్చినవారిని కొందరిని కూర్చోబెట్టి, అక్కడ ఏ మాట వినబడితే బిక్కమొహం వేశారో అడిగి రాసుకోవాలి. అడిగే ప్రశ్నలకంటే వినబడే ఆదేశాలే అందులో ఎక్కువ ఉండాలి.

ఇక వికీ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇన్నేళ్ళుగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగానే నడుస్తోంది. ఆ పని చేస్తున్నవారంటే నాకు ఎంతో గౌరవం. గైడును అక్కడ పెడదామని ఉత్సాహపడేవారికి ముందుగా ఒక మాట: వికీపీడియా విజ్ఞాన సర్వస్వం, పాఠాలకు అది చోటు కాదు. పాఠ్యపుస్తకాల కోసం వికీబుక్స్ వేరే ఉంది. అక్కడ పెడితే లాభాలు గట్టివే. గైడు ఏ ఒక్కరి ఖాతా మీదా ఆధారపడదు. ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో ఉంటుంది. వెతికేవారికి దొరుకుతుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు దానంతట అదే వర్తిస్తుంది కనుక రేపు ఎవరైనా తీసుకుని మెరుగుపరచవచ్చు.

నేర్చుకునేవారి వైపు నుంచి చూసినప్పుడే వికీ తేలిపోతుంది. వాక్యం ఒక పేజీలో ఉంటుంది, దాని గురించి అడగాలంటే చర్చ పేజీకి వెళ్ళాలి. అక్కడ కొత్త విభాగం తెరవాలి. అలవాటున్నవారికి ఇదంతా క్షణాల్లో అయిపోయే పని. రాత్రి షిఫ్టు ముగించుకుని ఫోనులో పాఠం తెరిచిన నర్సుకు అది దాటలేని గడప. ఆమె నేరుగా ‘మార్చు’ నొక్కి దిద్దవచ్చు కదా అంటారు. తనకు ఇంకా రాని భాషలోని వాక్యాన్ని ఆమె ఎలా దిద్దుతుంది? సందేహం చెప్పుకునే చోటు ఆ వాక్యం పక్కనే ఉంటే చాలు ఆమెకు.

అయితే పదాలనూ ఉచ్చారణనూ వికీ ప్రాజెక్టుల్లోనే పెట్టమంటాను. ఉచ్చారణలు రికార్డు చేసే లింగ్వా లిబ్రే అనే సైటు ద్వారా ఒక పదాన్ని పలికి రికార్డు చేస్తే అది వికీ ప్రాజెక్టుల ఉమ్మడి ఫైళ్ళ భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లోకి చేరుతుంది. దాన్ని వికీ నిఘంటువైన విక్షనరీలోనూ వాడుకోవచ్చు, మన గైడులోనూ లంకె ఇవ్వవచ్చు. ఒకసారి పలికిన మాట పదిచోట్ల పనికొస్తుంది.

నా మొగ్గు గూగుల్ డాక్యుమెంటు వైపేనని ఈపాటికి అర్థమై ఉంటుంది. లంకె ఉన్న ఎవరికైనా వ్యాఖ్యానించే అనుమతి మాత్రమే ఇచ్చి, మార్చే అనుమతి కొద్దిమంది దగ్గరే ఉంచుకోవచ్చు. దాంతో పాఠం చెడిపోతుందన్న భయం ఉండదు, చదివేవారికి నోరు కట్టేసినట్టూ ఉండదు. అర్థం కాని మాటను ఎంచుకుని, పక్కనే ప్రశ్న రాసేస్తారు. ఒక హిందీ నర్సు అలా రాసిన ప్రశ్న ఇది: ‘మెస్సులో ఇంకొంచెం సాంబారు వేయమంటారా అంటే లేదు అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు?’ హిందీలో ఆ ఒక్క ‘నహీ’తోనే గడిచిపోయే చోట మనం లేదు, కాదు, వద్దు అని మూడు రకాలుగా అంటాం. అప్పటికి ఆ మూడూ మా పదాల పట్టికలో వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. ఇప్పుడు మూడింటికీ కలిపి ఒకే పాఠం ఉంది, అది సాంబారుతోనే మొదలవుతుంది.

ఇక్కడ ఒక కట్టుబాటు తప్పనిసరి. వ్యాఖ్య కింద జవాబు రాసేసి మూసేయకూడదు. మూసిన వ్యాఖ్య తర్వాత వచ్చేవారికి కనబడదు, వాళ్ళు మళ్ళీ అక్కడే ఆగిపోతారు. పాఠంలో మార్పు చేసిన తర్వాతే వ్యాఖ్యను మూయాలి. ఈ ఒక్క నియమం పాటించకపోతే డాక్యుమెంటుకూ వాట్సాప్ గ్రూపుకూ తేడా ఉండదు.

దీనికీ లోపాలున్నాయి. అన్నిటికంటే పెద్దది యాజమాన్యం. డాక్యుమెంటు ఎవరో ఒకరి ఖాతాలో ఉంటుంది. ఆ మనిషి చదువు ముగించుకుని వేరే ఊరు వెళ్ళి, ఆ ఖాతాను పట్టించుకోకపోతే? రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను వాటిలోని ఫైళ్ళతో సహా తొలగించవచ్చని 2023లో మారిన గూగుల్ నిబంధన చెబుతోంది. అందుకని గైడు కోసం విడిగా ఒక ఖాతా తెరిచి, దాని తాళాలు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. నెలకోసారి ఒక ప్రతి దించుకుని దాచండి. పాఠాలన్నీ ఒకే ఫైలులో పోస్తే చిన్న ఫోన్లలో తెరుచుకోవడానికి నానా తంటాలు పడాలి, కాబట్టి పాఠానికొక ఫైలు పెట్టి, మొదట ఒక విషయసూచిక ఇవ్వండి. ఎవరి తెలుగు సరైనదన్న తగాదా కూడా అంచుల్లోని వ్యాఖ్యల్లోకి ఎక్కుతుంది. మా పక్క ఇలా అనం అని ఒకరు, మాస్టారు ఇలా చెప్పలేదు అని ఇంకొకరు. నేర్చుకునేవారు పలకడానికి అందరికీ తెలిసిన రూపం, చెవికి అలవాటు పడటానికి తిరుపతిలో వినబడే రూపం, రెండూ ఇచ్చేయమని నా సలహా. తుది నిర్ణయానికి ఒక మనిషిని ముందే ఒప్పుకోండి.

ఏ సాధనం ఎంచుకున్నా లిపి దగ్గర రాజీ పడవద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే త్వరగా చదువుతారని చాలామంది వాదిస్తారు. కల్లు, కళ్ళు ఆ అక్షరాల్లో ఒకేలా ఉంటాయి, కాలు కూడా వాటికి దగ్గరగానే కనబడుతుంది. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఈ గందరగోళం ఎంత ప్రమాదమో చెప్పాలా? దేవనాగరి కొంత నయం. అందులోనూ వాడుకలో ఎ, ఏ లకు తేడా చూపరు కనుక మెడ నొప్పి మేడ నొప్పి అయి కూర్చుంటుంది. మొదటి కొన్ని పాఠాల్లో మాత్రం తెలుగు లిపినీ, చదివేవారికి తెలిసిన లిపినీ పక్కపక్కన ఇచ్చి, తర్వాత తెలుగు ఒక్కటే ఉంచండి.

మిగిలిన వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు చూపే అంకీ యాప్ కార్డులు పదాలు గుర్తుపెట్టుకోవడానికి చాలా మంచివి, గైడు తయారయ్యాక దాని నుంచే చేసుకోవచ్చు. వాట్సాప్‌లో ఎంత మంచి వివరణ ఇచ్చినా మర్నాటి శుభోదయాల కింద కొట్టుకుపోతుంది. వీడియోలో ఒక మాట దిద్దాలంటే మళ్ళీ తీయాలి.

మొదలుపెట్టిన రోజే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. వికీలోలా కాకుండా డాక్యుమెంటులో లైసెన్సు మనమే రాయాలి. రాసే ప్రతి ఒక్కరి ఒప్పుకోలుతో క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ (రాసినవారి పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు) అని మొదటి పేజీలోనే పెట్టండి. తర్వాత ఎప్పుడైనా వికీబుక్స్‌లోకి మార్చాలన్నా, అచ్చు వేయించాలన్నా అదే దారి చూపుతుంది. నేర్చుకోవడానికి సరదాగా ఉంటాయని సినిమా పాటలు ఎత్తి రాయకండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వంటివి ఆ గడువు ఎప్పుడో దాటాయి, అర్థాల కోసం నిరభ్యంతరంగా వాడుకోండి. అయితే అందులోని మాటల్లో కొన్ని ఇప్పుడు ఎవరి నోటా వినబడవు. ఒక్కో మాటనూ బజారులో ఎవరైనా అంటున్నారా లేదా అని చూసుకున్న తర్వాతే పాఠంలో చేర్చండి.