మైలిన్ బేసిక్ ప్రోటీన్ యాంటీబాడీ: ప్రయోగశాలలో వాడిన తరువాత అభిప్రాయం

నాడీ తంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగులను గుర్తించడానికి మా ప్రయోగశాలలో వాడుతున్న మైలిన్ బేసిక్ ప్రోటీన్ మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌నే వెతికి అతుక్కొని, అది ఉన్న చోటును రంగుతో చూపడానికి వాడే పదార్థం) మీద ఇది నా అభిప్రాయం. చిట్టెలుక మెదడు ఎదిగే తీరును చూడదలచినవారు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. దెబ్బతిన్న మైలిన్ బాగుపడిందో లేదో తేల్చదలచినవారు మాత్రం దీని ఒక్కదాని మీదే ఆధారపడవద్దని గట్టిగా చెబుతాను.

మెదడు, వెన్నుపాములలోని మైలిన్ ప్రోటీన్లలో దాదాపు 30 శాతం ఉండే ఈ ప్రోటీన్ ధనావేశం కలది. మైలిన్‌ను తయారుచేసే ఒలిగోడెండ్రోసైట్ అనే కణపు పొర లోపలి వైపున ఉన్న ఋణావేశపు కొవ్వులకు అతుక్కొని, ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తంతువు) చుట్టూ చుట్టుకున్న పొరలను దగ్గరకు లాగి బిగిస్తుంది. దీని జన్యువులో పెద్ద భాగం లోపించిన షివరర్ చిట్టెలుకల మెదడులో ఆ బిగింపు జరగదు. అవి వణుకుతూ, మూర్ఛలకు లోనై చిన్న వయసులోనే చనిపోతాయి. ఈ ప్రోటీన్ లేని ఆ కణజాలంలో రంగు ఏమాత్రం పడకపోవడం చూశాకే ఈ యాంటీబాడీ మీద నాకు నమ్మకం కుదిరింది. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి చూపే వెస్టర్న్ బ్లాట్‌లో ఈ ప్రోటీన్ వేర్వేరు రూపాలకు చెందిన 14, 17, 18.5, 21.5 కిలోడాల్టన్ల పట్టీలు నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి.

చిట్టెలుక పుట్టినప్పుడు మైలిన్ లేక ఖాళీగా ఉండే కార్పస్ కెలోసమ్‌లో (మెదడు రెండు సగాలను కలిపే తంతువుల కట్టలో) రెండవ వారం నుండి తంతువులు వెలుగుతూ, మూడవ వారానికల్లా దట్టమవడం ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. వయసు పెరిగిన చిట్టెలుకల విషయంలో మాత్రం మైలిన్‌లోని కొవ్వు యాంటీబాడీని లోపలికి పోనివ్వదు కనుక కణజాలపు పలుచని కోతలను ముందుగా ఇథనాల్‌లో ఉంచాలి. ఇంత ముఖ్యమైన సంగతి కంపెనీ ఇచ్చిన సూచనల పత్రంలో లేకపోవడం పెద్ద లోపమే. తరువాతి బ్యాచ్ బలహీనంగా రావడంతో ఎంత పలుచన చేయాలో మళ్లీ నిర్ణయించుకోవలసి వచ్చింది.

చిట్టెలుకల ఆహారంలో మైలిన్‌ను దెబ్బతీసే కుప్రిజోన్ అనే రసాయనాన్ని 0.2 శాతం కలిపి అయిదారు వారాలు పెడితే కార్పస్ కెలోసమ్‌లో మైలిన్ నశిస్తుంది, ఆపితే తిరిగి ఏర్పడుతుంది. అప్పుడు తిరిగి వచ్చే వెలుగును చూసి సంతోషించడం సహజమే గాని, నాశనం కాకుండా మిగిలిన పాత తొడుగేదో, కొత్తగా అల్లుకున్నదేదో ఈ రంగు చెప్పలేదు. కొత్త తొడుగులు సాధారణంగా పాతవాటికంటే పలుచగా ఉంటాయన్న సంగతి కూడా ఇందులో తెలియదు. ఆ మందం కొలవడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తప్పనిసరి. ఈ యాంటీబాడీ ధర కొంచెం ఎక్కువే కనుక, రాగానే చిన్న చిన్న గొట్టాలలోకి పంచి గడ్డకట్టించి, ఒకసారి కరిగించిన దాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా వాడుకోవడం మంచిది.