ఆడియో పనికి డెబియన్: చాలాకాలం వాడాక

పాటల రికార్డింగ్, డబ్బింగ్, మిక్సింగ్ అన్నీ డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే చేస్తున్నాను. డెబియన్ 12తో మొదలుపెట్టి, 2025 ఆగస్టులో వచ్చిన 13కి మారాను. స్టేబుల్‌నే (స్థిరమైన విడుదలనే) పట్టుకోవడానికి కారణం ఒక్కటే: పాటలు సగంలో ఉండగా ఆడియో సర్వర్ (ప్రోగ్రాముల మధ్య శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్), డెస్క్‌టాప్ కొత్త వెర్షన్లకి మారిపోవు. భద్రతా సవరణలు, బగ్ ఫిక్సులు మాత్రం వస్తుంటాయి.

అయితే ఇన్‌స్టాల్ చేసి నేరుగా రికార్డింగ్‌కి కూర్చుంటే శబ్దంలో చిటపటలు తప్పకపోవచ్చు. ముందు మీ యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చండి. సెక్యూరిటీ లిమిట్స్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, ఆ గ్రూపుకి ఆర్‌టీప్రయో (రియల్‌టైమ్ ప్రాధాన్యం) 95, మెమ్‌లాక్ (మెమరీని పట్టి ఉంచే పరిమితి) అన్‌లిమిటెడ్ ఇవ్వండి. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే ఇవి అమల్లోకి వస్తాయి. "అన్నీ చేశాను, తేడా లేదు" అనేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్‌ని) పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. లేకపోతే ప్రాసెసర్ వేగం అందుకునేలోపే బఫర్ (ఆడియోని కాసేపు నిలిపి ఉంచే చోటు) ఖాళీ అవుతుంది.

బఫర్ దగ్గర లెక్క ముఖ్యం. 48000 హెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. లోపలికొచ్చేటప్పుడు ఒకసారి, బయటికెళ్లేటప్పుడు ఒకసారి పడుతుంది, పైగా కన్వర్టర్, యూఎస్‌బీ ఆలస్యం. అంటే 256లో హెడ్‌ఫోన్‌కి చేరేసరికి 11 దాటుతుంది. మృదంగం వాయించేవాళ్లు దీన్ని ఇట్టే పట్టేస్తారు, నడక వెనక్కి లాగుతుంది. రికార్డింగ్‌కి 128, మిక్సింగ్‌కి 1024 పెడతాను. 64 కోసం ఆరాటపడొద్దు. గొంతు ఒక్కటే అయితే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించడం) ఆన్ చేస్తే సరిపోతుంది.

చిటపట ఎక్కడిదో చెవితో కాదు, పైప్‌వైర్ పనితీరు చూపించే పీడబ్ల్యూ-టాప్ తెరిచి చూడండి. అందులో ఈఆర్‌ఆర్ అంకె పెరుగుతుంటే అవే ఎక్స్‌రన్‌లు (ఆడియో సమయానికి అందక తెగిన సందర్భాలు). వైఫై ఆపండి, హబ్ తీసేసి ఇంటర్‌ఫేస్‌ని నేరుగా పోర్టుకి పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే గ్రబ్‌లో (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్‌లో) కెర్నల్ లైనుకి ప్రీఎంప్ట్=ఫుల్, థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ చేర్చి, గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టండి. రియల్‌టైమ్ కెర్నల్ ప్యాకేజీ విడిగా దొరుకుతుంది కానీ దాని జోలికి చివర్లోనే వెళ్లండి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మామూలు పద్ధతిలో దానిమీద బిల్డ్ కాదు.

అసలు తలనొప్పి విండోస్ ప్లగిన్లతో. వాటిని లినక్స్‌లో నడిపించే యాబ్రిడ్జ్ బాగానే పనిచేస్తుంది, కానీ అది ఆధారపడే వైన్ (విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) 9.22 నుంచి యాబ్రిడ్జ్ 5.1.1లో ప్లగిన్ కిటికీ మీద ఒకచోట నొక్కితే క్లిక్ ఇంకోచోట పడుతుంది. డెబియన్ 13తో వచ్చేది వైన్ 10. కాబట్టి వైన్ స్టేజింగ్ (వైన్‌లో ప్రయోగాత్మక రకం) 9.21 తెచ్చి, ఏపీటీ-మార్క్‌తో హోల్డ్‌లో (అప్‌గ్రేడ్ కాకుండా ఆపి) పెట్టండి. లేకపోతే మర్నాటి అప్‌గ్రేడ్‌లో అది ఎగిరిపోతుంది. ఐలాక్ డాంగిల్ (లైసెన్స్ ఉండే యూఎస్‌బీ తాళం) అడిగే ప్లగిన్లతోనే రోజువారీ పని నడిచేవాళ్లయితే విండోస్‌లోనే ఉండండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో వీడియో కూడా చేసేవాళ్లు ఒకటి గమనించాలి: లినక్స్‌లో అది హెచ్.264 తెరవదు, ఫోన్ వీడియోలని ముందే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి, వాటి ఆడియోని కుదించని పీసీఎంలోకి మార్చుకోవాలి.