ఆఖరి మనిషి వచ్చేదాకా: హైదరాబాద్, విశాఖ, సతారా పరుగులు

మహారాష్ట్రలోని సతారాలో, పరుగు పందేనికి వెళ్ళినప్పుడు మేము దిగిన లాడ్జికి లిఫ్ట్ లేదు. ఫోన్లో అడిగితే ఉందన్నారు. తీరా వెళ్ళాక మూడో అంతస్తు గదుల తాళాలు చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం మెట్లెక్కడం మాకు పెద్ద విషయం కాదు. మర్నాడు పరుగులో కొండ ఎక్కి దిగొచ్చాక ఆ మెట్లు ఎలా దిగాలన్నదే నా టెన్షన్. తొడలు పట్టేసిన మనిషికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఈ మాట కౌంటరులోని అబ్బాయికి నా వచ్చీరాని హిందీలో చెప్పేసరికి అరగంట పట్టింది. మంచివాడు, విషయం అర్థమయ్యాక కింది అంతస్తులో మూడు గదులు సర్ది ఇచ్చాడు. అప్పటి నుంచి ఎక్కడికి ఫోన్ చేసినా "లిఫ్ట్ ఉందా" అని అడగడం మానేశాను. "కింది అంతస్తులో గది ఇస్తారా" అనే అడుగుతున్నాను.

మేము ఆరుగురం, అందరం మల్కాజిగిరి వాళ్ళమే. అందరిలో చిన్నది మా ఆడపడుచు, 57. పెద్దాయన మా వీధి చివర ఇంట్లో ఉండే బాబాయ్ గారు, 71. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను, మావారు, మందుల షాపు నడిపే అన్నయ్య గారు, హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచరు గారు అరవై దాటిన వాళ్ళం. నేను ముప్పై రెండేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. చిన్నప్పుడు ఎవ్వరమూ ఆటల్లో లేము. పార్కులో నడకతో మొదలై, కొన్నాళ్ళకి మధ్య మధ్యలో పరుగు కలిసింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు రోడ్డు మీద, ఆదివారం కీసరగుట్ట ఎక్కే దారిలో పరుగు. పోయిన ఏడాది ఆగస్టు నుంచి ఊళ్ళు తిరిగి పరుగెత్తడం మొదలుపెట్టాం. మా వయసు వాళ్ళు ఇంకెవరైనా బయల్దేరితే పనికొస్తుందని ఎక్కడెలా ఉందో రాస్తున్నాను.

సొంత ఊరి సంగతి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో జరుగుతుంది. మేము పరుగెత్తేది హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మొదలయ్యే చోటు ఒకటి, ముగిసే చోటు ఇంకొకటి కాబట్టి కారు తీసుకెళ్ళి లాభం లేదు. దింపడానికి ఒకరు, తీసుకురావడానికి ఒకరు ఇంట్లో ఉండాలి. మాకు పిల్లలు ఆ పని చేస్తారు. ఇక దారంతా ఫ్లైఓవర్లే. హైదరాబాద్ రోడ్లు చదునుగా ఉంటాయనుకునేవాళ్ళకి పంజగుట్ట, జూబ్లీహిల్స్ దాటేసరికి సంగతి తెలుస్తుంది. అయినా బండ్లు ఆపేసిన రోడ్డు మధ్యలో, ఊరు నిద్ర లేవకముందు పరుగెత్తడం ఎంత హాయో మాటల్లో చెప్పలేను. మామూలు రోజుల్లో చీకట్లో, వెనక నుంచి ఏ లారీ వస్తుందో అని చెవులు రిక్కించుకుని పరుగెత్తేవాళ్ళం మేము. 2011లో నూరేళ్ళ వయసులో టొరంటో మారథాన్ పూర్తి చేసిన ఫౌజా సింగ్ గారు, 2025 జులైలో పంజాబులో తన ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం గుద్ది పోయారు. ఆ వార్త వచ్చిన రోజు పార్కులో మేమెవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. మర్నాటి నుంచి ఆరుగురం లైటు పడితే మెరిసే బెల్టులు కట్టుకుని, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకి కుడివైపున పరుగెత్తుతున్నాం.

విశాఖకి వెళ్ళింది పోయిన డిసెంబరులో, నేవీ మారథాన్ కోసం. తూర్పు నౌకాదళం 2014లో మొదలుపెట్టిన పరుగు ఇది. రైలు టికెట్ల గురించి బాబాయ్ గారి దగ్గర నేర్చుకున్నది ముందు చెప్పాలి. రైల్వేవాళ్ళు 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ల రాయితీ తీసేశారు గానీ, లోయర్ బెర్తు కోటా మాత్రం ఉంది. మగవాళ్ళకి 60 దాటాలి, ఆడవాళ్ళకి 45 దాటితే చాలు. ఒక టికెట్ మీద ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉంటేనే ఆ కోటా వర్తిస్తుంది. ఆరుగురి పేర్లూ ఒకే టికెట్ మీద రాస్తే పోయినట్టే. అందుకని రెండేసి పేర్లతో మూడు టికెట్లు తీశారాయన. పగలు వందే భారత్‌లో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎనిమిదిన్నర గంటలు ఒకే సీట్లో కూర్చుంటే నా నడుముకి పడదు కాబట్టి నా ఓటు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ.

బస విషయంలో మాలో మాకు వాదన జరిగింది. స్టేషను దగ్గర లాడ్జీలు చవక. మావారు అక్కడే దిగుదామన్నారు. పరుగు ఆర్.కె. బీచ్ దగ్గర మొదలవుతుంది, ఆ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మూసేస్తారు, ఆటోలు దూరంగానే ఆగిపోతాయి. చీకట్లో తెలియని సందుల్లో నడవడం ఎందుకని నేను పాండురంగాపురం వైపు ఒక గెస్ట్ హౌస్ పట్టాను. గదికి ఆరువందలు ఎక్కువైంది. ఆ ఆరువందలకి అదనంగా గంట నిద్ర దొరికింది, మొదలయ్యే చోటికి నడిచి పదిహేను నిమిషాల్లో చేరాం. ఆ గెస్ట్ హౌస్ అమ్మగారు మూడున్నరకే లేచి వేడినీళ్ళు పెట్టింది. నేను తీసుకెళ్ళిన రాగిపిండితో తనే జావ కాచి, "ఈ వయసులో మీరెల్తుంటే మాకు సరదాగుందమ్మా" అని గేటు దాకా వచ్చి సాగనంపింది. అలాంటి మనిషికి రేటింగులో ఎన్ని స్టార్లిచ్చినా తక్కువే.

కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి వెళ్తుంటే ఇంకా చీకటే. సముద్రం కనపడదు, కుడివైపున హోరు మాత్రం వినపడుతుంటుంది. అప్పుఘర్ దాటాక దారి లేస్తుంది. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం దగ్గర ఎత్తుపల్లాలు ఒకటి రెండు కాదు. ఊపిరి పట్టేసి తలెత్తేసరికి నీళ్ళ మీద ఎర్రగా పొద్దు పొడుస్తోంది. టీచరు గారు ఆగిపోయి దణ్ణం పెట్టుకున్నారు, ఆయన్ని చూసి నేనూ ఆగాను. అర నిమిషం పోయింది, పోనీ.

విశాఖలో జాగ్రత్త పడాల్సింది తేమతోనే. డిసెంబరైనా సముద్రపు గాలికి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చెమట పోతోందని ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా సీసా సీసా నీళ్ళు తాగేస్తారు మన వాళ్ళు. ఒట్టి నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. కళ్ళు తిరుగుతాయి, మనిషి తికమకపడతాడు. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వేసుకునేవాళ్ళలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మా అన్నయ్య గారు వేసుకుంటారు. నెల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి, పరుగు రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగి రాయించుకొచ్చాం. ఓఆర్ఎస్ పొట్లాలు జేబులో పెట్టుకుని, దాహమైనంత మేరకే తాగాం. బాబాయ్ గారు అక్కడ 10 కిలోమీటర్లే తీసుకున్నారు. మా కన్నా ముందే ముగించి, మెడల్ వేసుకుని, మేము ఒక్కొక్కరం వస్తుంటే పేరు పెట్టి అరిచారు. నేవీ వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కూడా ఆయన్ని చూసి మా పేర్లు నేర్చుకుని అరిచారు. చివరిదాకా నీళ్ళున్నాయి, చివరిదాకా చప్పట్లున్నాయి. సాయంత్రం బీచిలో మురీ మిక్చర్ తింటూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. మొదటిసారి వేరే ఊరికి వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళు ఎవరైనా అడిగితే నేను విశాఖే చెప్తాను.

చివరిదాకా అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆ తర్వాత జనవరిలో మన దగ్గరే ఒక చిన్న అడవిదారి పరుగుకి వెళ్ళాం. పేరు రాయను. బాబాయ్ గారూ టీచరు గారూ వెనకబడ్డారు. వాళ్ళు చేరేసరికి చెట్లకి కట్టిన గుర్తు రిబ్బన్లు విప్పేస్తున్నారు, నీళ్ళ బల్ల ఎత్తేశారు. దారి తప్పి నలభై నిమిషాలు తిరిగారిద్దరూ. ఫోన్ సిగ్నల్ లేదు. ఆ నలభై నిమిషాలు నేను పడ్డ బాధ, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో కూడా ఎక్కువసార్లు పడలేదు. ఆడవాళ్ళకి టాయిలెట్ ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడు ఏ పరుగుకి డబ్బు కట్టే ముందైనా ఫోన్ చేసి రెండు సంగతులు అడుగుతాను: ఆఖరి మనిషి వెనకాల మీ వాలంటీరు ఎవరైనా వస్తారా, నీళ్ళు ఎన్ని గంటల దాకా ఉంటాయి. జవాబు సూటిగా రాకపోతే కట్టను.

సతారా హిల్ హాఫ్ మారథాన్ 2012 నుంచి జరుగుతోంది. వానాకాలం చివర, పడమటి కనుమల్లో కొండ దారి మీద పరుగు. ఊళ్ళో మొదలై యవతేశ్వర్ ఘాట్ ఎక్కి, కాస్ పీఠభూమికి వెళ్ళే రోడ్డులో కొంత దూరం పోయి, అదే దారిన వెనక్కి దిగాలి. సగం ఎక్కడం, సగం దిగడం. హైదరాబాద్ నుంచి షోలాపూర్, పండరిపురం మీదుగా అయిదువందల కిలోమీటర్లు పైనే. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని రెండు రోజుల ముందే బయల్దేరి, రాత్రి పండరిపురంలో ఆగాం. ఆషాఢ ఏకాదశికి ఆళంది నుంచి అక్కడికి పాల్కీ (పల్లకి) వెంట మూడు వారాల పాటు నడిచి వస్తారు వార్కరీలు, అంటే విఠలుడి భక్తులు. వాళ్ళలో మా వయసు వాళ్ళు, మా కన్నా పెద్దవాళ్ళు ఎంతోమంది. మేము వెళ్ళింది సెప్టెంబరు కాబట్టి ఊరు ప్రశాంతంగా ఉంది. చంద్రభాగ ఒడ్డున కూర్చున్న ఒక పెద్దావిడ, మేము కొండ పరుగుకి వెళ్తున్నామని తెలిసి నా మోకాళ్ళు తడిమి చూసి, నవ్వి దీవించింది.

సతారాలో ఎక్కడ దిగాలంటే, ఊళ్ళోనే పోవై నాకా చుట్టుపక్కల దిగమంటాను. కాస్ రోడ్డు మీద, కొండపైన అందమైన బసలున్నాయి. కిటికీ తీస్తే మబ్బులే. పరుగుకి వచ్చేవాళ్ళు మాత్రం అక్కడ దిగకూడదు, ఆ పొద్దున మూసేసేది ఆ రోడ్డే. కిందకి రావడానికి బండి దొరకదు. పరుగయ్యాక ఒకరోజు పైన ఉంటే బాగుంటుంది, మేమూ అలాగే చేశాం. తిండి దగ్గర ఒక మాట. అక్కడి మిసళ్ (మొలకల కారం కూర) ఎంత బాగున్నా ముందు రోజు ముట్టుకోవద్దు, ఆ కారం మన కడుపుకి కొత్త. అటుకుల పోహా తిని, రాత్రికి అన్నం పెరుగు అడిగి పెట్టించుకున్నాం.

ఆ పొద్దున సన్నగా తుంపర. అజింక్యతారా కోట మబ్బులో సగం మునిగి ఉంది. ఎక్కుతున్నంతసేపూ కష్టం గుండెకీ ఊపిరికీ. మేము మలుపు మలుపుకీ నడిచాం, అందులో చిన్నతనం ఏమీ లేదు. అసలు పరీక్ష దిగేటప్పుడు. దిగుతుంటే తొడ కండరం సాగుతూనే ఒంటి బరువు మొయ్యాలి, కండరం లోపల చిట్లేది అప్పుడే. ఆ నొప్పి వెంటనే తెలియదు, రెండో రోజు పట్టుకుంటుంది. కుర్రవాళ్ళు సర్రున పోతారు. మేము అడుగులు దగ్గర దగ్గరగా వేస్తూ, మడమ ముందు గుద్దకుండా దిగాం. మూడు నెలలుగా కీసరగుట్టలో దిగే పరుగు నేర్చుకున్నందుకు మా ఆడపడుచు ఒక్కసారి కూడా ఆగలేదు. ఘాట్ మలుపుల్లో ఊరివాళ్ళు గొడుగులతో నిలబడి, డప్పులు కొడుతూ "చలా ఆజీ, చలా" అని నన్ను పిలిచారు. ఆజీ అంటే అమ్మమ్మ అని తర్వాత తెలిసింది. ఎంత సంతోషమేసిందో.

మేము అయిదుగురం చేరాక పొడి బట్టలు మార్చుకుని ముగింపు గీత దగ్గర నిలబడ్డాం. మా మధ్య ఒక ఒప్పందం ఉంది: ఆరో మనిషి వచ్చేదాకా ఎవరూ టిఫిన్ ముట్టకూడదు. 2 గంటల 58 నిమిషాలకి మలుపులో బాబాయ్ గారి పసుపు టోపీ కనపడింది. పక్కనే ఒక కుర్రాడు, వాలంటీరు చొక్కాతో, ఆయనతో సమానంగా మెల్లగా పరుగెత్తుకొస్తున్నాడు. కొండ మీద నుంచి వెంటే ఉన్నాడట. ఇద్దరికీ భాష కలవదు. గీత దాటాక బాబాయ్ గారు తన మెడల్ తీసి ఆ అబ్బాయి మెడలో వేయబోతే, వాడు రెండు చేతులూ అడ్డం పెట్టి, వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మావారు కళ్ళు తుడుచుకోవడం చూశాను. తర్వాత అందరం కలిసి వేడి వేడి పోహా తిన్నాం, ఇళ్ళకి కందీ పేడా డబ్బాలు కట్టించుకున్నాం.

మోకాళ్ళు అరిగినవాళ్ళు, దిగే పరుగు సాధన చెయ్యనివాళ్ళు సతారాకి తొందరపడొద్దు. ఒక ఏడాది విశాఖలో పరుగెత్తి, దగ్గర్లో ఏ గుట్టనైనా వారం వారం ఎక్కి దిగి, అప్పుడు వెళ్ళండి.

మొన్న పొద్దున ఎనిమిదింటికి రిజర్వేషను తెరవగానే బాబాయ్ గారు డిసెంబరుకి మళ్ళీ విశాఖ టికెట్లు తీశారు. ఈసారి ఆయన కూడా హాఫే. రెండేసి పేర్లతో మూడు టికెట్లు, నాలుగు లోయర్ బెర్తులు వచ్చాయి. మిగతా రెండిట్లో మావారూ అన్నయ్య గారూ ఎక్కి పడుకుంటామన్నారు. పాండురంగాపురం అమ్మగారికి ఫోన్ చేశాను. కింది గదులు మూడూ మా కోసం ఉంచుతానంది.