హోమ్ లోన్‌తో కలిపి ఇంటి ఇన్సూరెన్స్ ఇస్తున్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల వాళ్ళు, ఈ మధ్య లోన్ మీద ఇల్లు కొన్నవాళ్ళు దయచేసి పూర్తిగా చదవండి. పోయిన వారం వానకి మా ఇల్లు మునిగింది. నష్టం లెక్క వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ నిన్న సాయంత్రం వచ్చి వెళ్ళాడు. రాత్రంతా కన్ను మూతపడలేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నా గానీ అది చల్లారేలా లేదు.

ఏజెంట్ పేరు రాయను. లోన్ ఇచ్చిన చోటే టేబుల్ వేసుకుని కూర్చుంటాడు, మా వైపు సగం ఇళ్ళ పాలసీలు ఆయన చేసినవే, మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. మేం ఇల్లు కొని రెండేళ్ళు. లోన్ సాంక్షన్ అయిన రోజే ఇంటి ఇన్సూరెన్స్ అని 31,400 రూపాయలు లోన్‌లో కలిపేశారు. పదేళ్ళకి ఒకేసారి కట్టే ప్రీమియం అట.

"వరదొస్తే సామాన్లకి కూడా వస్తుందా తమ్ముడూ?" అని నేను నోరు తెరిచి అడిగాను. 2020 అక్టోబర్ 13 రాత్రి అద్దె ఇంట్లో మంచం మీద కుర్చీలు వేసి, వాటి మీద పిల్లల్ని కూర్చోబెట్టి తెల్లవార్లూ నిలబడ్డదాన్ని. అడగకుండా ఎట్లా ఉంటాను? ఆయన చెప్పిన జవాబు: "అన్నీ వస్తయ్ అక్కా. అయినా మనకేమన్న సముద్రం ఉన్నదా? వైజాగోళ్ళు భయపడాలె గానీ మనకెందుకు."

వరద రావడానికి సముద్రమే ఉండాలా? 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్న ఊరు ఇది. చెరువు నిండి, నాలా ఇరుకై, నీళ్ళు పోయే దారి లేకపోతే చాలు. ఆ మాట అప్పుడే ఆయన ముఖాన అనాల్సింది. అనలేదు. పెన్సిల్‌తో ఇంటు మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాను. పిల్ల ట్యూషన్‌కి టైమ్ అవుతోందని ఒక్క పేజీ కూడా చదవలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

పోయిన వారం వానకి నీళ్ళు మొదట వీధిలోంచి రాలేదు. బాత్రూమ్ మోరీలోంచి ఎదురు తన్నాయి. గంటన్నరలో హాల్లో రెండడుగులు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ బ్యాటరీ, రెండు పరుపులు, దివాన్, కింది అరల్లో ఉన్న బట్టలు, యాభై కిలోల బియ్యం, మా అత్తమ్మ కుట్టు మిషన్ అన్నీ పోయాయి. బిల్లులున్నవీ లేనివీ కలిపి లక్షా ఎనభై వేల దాకా తేలింది. అయినా నాకు పెద్దగా దిగులు లేదు, పాలసీ ఉంది కదా అన్న ధైర్యం.

నిన్న సర్వేయర్ వచ్చాడు. మర్యాదస్తుడే. ఆయన్ని అనాల్సిందేమీ లేదు. హాల్లోకి వచ్చి గోడ మీద నీటి గీత చూశాడు, వేళ్ళ మెటికలతో మూడు చోట్ల తట్టి చూశాడు. ఫోన్ తీశాడు. తీసి, "అమ్మా, ఆ ఫ్రిజ్ కొంచెం పక్కకి జరపండి, గోడ కనపడట్లేదు" అన్నాడు.

మా ఆయనా నేనూ చెరో పక్క పట్టుకుని జరిపాం. కింద ఇంకా బురద నీళ్ళు కారుతున్నాయి దాంట్లోంచి. ఆయన ఖాళీ గోడని ఫోటో తీసుకుని పడకగదిలోకి వెళ్ళిపోయాడు. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు. "ఫ్రిజ్ ఫోటో తర్వాత తీస్తారా సార్?" అని అడిగాను. ఆయన ఒక్క నిమిషం ఆగి పాలసీ కాగితం నా చేతికిచ్చాడు. భవనం ఎదురుగా 85 లక్షలు. సామాన్లు అన్న చోట సున్నా. రంగుకి, ఉబ్బిపోయిన తలుపుకి, కింది స్విచ్ బోర్డులకి కలిపి 14 వేలు రాసి వెళ్ళిపోయాడు.

వెంటనే ఏజెంట్‌కి ఫోన్ చేశాను. రెండేళ్ళ కింద నన్ను అక్కా అక్కా అని పిలిచినవాడు "మేడం, ఫారం మీద ఉన్నది మీ సంతకమే కదా" అన్నాడు. మీరే కదా అన్నీ వస్తాయన్నది అంటే, "మాటలకి ప్రూఫ్ ఏముంది మేడం" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మా అత్తమ్మ పక్కనే కుట్టు మిషన్ తుడుస్తూ ఇదంతా విన్నది. ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా బాధ.

ఇవ్వాళ పొద్దున ఇంకో ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళి కూర్చుని అడిగితే అసలు లెక్క తెలిసింది. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని ఒక ప్రామాణిక పాలసీ ఉంది. వరద, ఇంట్లోకి నీళ్ళు చేరడం, గాలివాన, అగ్నిప్రమాదం, భూకంపం అన్నీ అందులోనే ఉంటాయి, వరదకి విడిగా కట్టేదేమీ లేదు. ఇంటి విలువ అంటే మనం కొన్న ధర కాదు, కట్టడానికి అయ్యే ఖర్చు. స్థలం కొట్టుకుపోదు కదా. మాది 900 అడుగుల కార్పెట్ ఏరియా. అడుగుకి రెండు వేలు వేసుకున్నా 18 లక్షలు. మా ఏజెంట్ స్థలంతో సహా కొన్న ధర మొత్తం, 85 లక్షలూ వేశాడు. ప్రీమియం పెరిగింది అందుకే. రేపు ఇల్లు మొత్తం కూలినా ఆ 85 లక్షలు చేతికి రావు.

ఇల్లు, సామాన్లు రెండూ కావాలని ఫారంలో టిక్ పెడితే, సామాన్లకి ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, లిస్టు ఇవ్వకుండానే వస్తుందట. మా లెక్కన 3 లక్షల 60 వేలు. మా నష్టానికి రెట్టింపు. ఆ రెండూ కలిపి నాకు చెప్పిన ప్రీమియం 18 శాతం జీఎస్టీతో సహా ఏడాదికి పదిహేను వందల లోపే. మేం కట్టింది ఏడాదికి 3,140. అదీ లోన్‌లో కలిపారు కాబట్టి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళలో దాదాపు 65 వేలు. పాలసీ ఏమో పదేళ్ళకే అయిపోతుంది. ఈ లెక్క నా చేత్తో మూడుసార్లు వేసుకున్నా.

లోన్ ఇచ్చేవాళ్ళు చూపించిన చోటే పాలసీ తీసుకోవాలన్న రూల్ లేదు. బయట అడగండి. నీళ్ళు దిగాక ఇల్లు కడిగే ముందే ప్రతి వస్తువుకీ ఫోటో తీయండి. కారు ఇంటి పాలసీలోకి రాదు. నీళ్ళలో ఉన్న బండి స్టార్ట్ చేస్తే ఇంజన్ పోతుంది, మా పక్కింటి వాళ్ళకి అదే జరిగింది.

నేను కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబర్ 155255కి కూడా ఫోన్ చేశాను. నెల రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు లక్డీకాపూల్‌లో ఉంది. 50 లక్షల దాకా ఉన్న ఫిర్యాదులు వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడిదాకా తప్పకుండా వెళ్తాను.

ఆ ఏజెంట్ దగ్గర పాలసీ చేయించుకున్నవాళ్ళు ఈ రాత్రికే బీరువాలోంచి కాగితం తీసి, సామాన్లు అన్న చోట ఎంత అంకె ఉందో చూడండి. సున్నా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మనం నలుగురం ఒకటే మాట రాసిస్తే, ప్రూఫ్ ఏముందని ఎవరూ అనలేరు.