చెట్టినాడు దాకా వెళ్ళి మా ఇంటి గచ్చు తెచ్చుకున్నాం

రాజమండ్రిలో మా కొత్త ఇంటికి స్లాబు పడింది. ఇక లోపలి పనులు మొదలుపెట్టాలి అనుకుంటుండగా ఇంటీరియర్ డిజైనర్ వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. "మేడమ్, మీకు ఏ స్టైల్ కావాలి?" అని అడిగాడు. మినిమలిస్ట్, స్కాండినేవియన్, ఇండస్ట్రియల్, కలోనియల్, చెట్టినాడ్... ఒక్కోదానికి పదేసి త్రీడీ బొమ్మలు చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏ బొమ్మలోనూ ఎండ లేదు, ఉక్కపోత లేదు, తడి బట్టలు లేవు. మా అత్తయ్య అన్నీ ఓపిగ్గా చూసి, "వీటిల్లో మనుషులు ఎక్కడ కూర్చుంటారే అమ్మాయ్?" అన్నారు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎంచుకునే ముందు అలాంటి ఇళ్ళలో ఒక్కో రాత్రి పడుకుని చూస్తే ఎలా ఉంటుందని మా ఆయన్ని అడిగాను. అలా ముగ్గురం ఐదు రోజులకి బయల్దేరాం. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి అద్దె కారు. డ్రైవర్‌ది తిరుత్తణి వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ ప్రయాణంలో మాకు దొరికిన అన్ని సేవల్లోకీ గొప్పది ఆ అబ్బాయి మాటసాయమే.

మొదట చూసింది పాత ఇళ్ళ మ్యూజియం దక్షిణచిత్ర. చెన్నై నుంచి పుదుచ్చేరి వెళ్ళే తూర్పు తీర రోడ్డులో ముట్టుకాడు దగ్గర ఉంటుంది. మంగళవారం సెలవు, అది చూసుకుని వెళ్ళాలి. దక్షిణాది రాష్ట్రాల్లో కూల్చేయబోతున్న పాత ఇళ్ళని విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. 1996 నుంచి జనాన్ని రానిస్తున్నారు. ఆవరణ ప్రణాళికలో, ఇటుక ఇళ్ళకి పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ చెయ్యి ఉందని ఆ ఇటుక గోడలు చూస్తేనే తెలుస్తుంది. మన కోస్తా చుట్టిల్లు ఒకటి ఉందక్కడ. మందపాటి మట్టిగోడ, గుండ్రంగా, నేలకి బాగా దగ్గరగా దిగిన తాటాకు చూరు. తుఫాను గాలికి మూలలు దొరక్కపోతే అది ఇంటిని చుట్టి పక్కకి పోతుంది. ఆ ఇంటి అందమంతా ఆ భయంలోంచే పుట్టింది. కాస్త దూరంలో కేరళ సిరియన్ క్రైస్తవుల ఇల్లుంది. దాని గోడలూ లోకప్పూ ధాన్యపు కొట్టూ అన్నీ చెక్కే. రెండింటికీ మధ్య నడక పది నిమిషాలు కూడా లేదు గానీ, ఒకటి గాలికి జవాబు, రెండోది వానకీ అడవికీ జవాబు.

సగం రోజు చాలు. ఎండలో నడక ఎక్కువ, పెద్దవాళ్ళుంటే పొద్దున్నే వెళ్ళండి. ఇక్కడ ఇళ్ళని చూడొచ్చు, ముట్టుకోవచ్చు గానీ ఉండలేం. మాకు కావాల్సింది ఉండి చూడటం.

పుదుచ్చేరిలో రెండు రాత్రులు రెండు చోట్ల గది తీసుకున్నాం, కావాలనే. ఒకటి ఫ్రెంచి వీధుల్లో, ఒకటి కాలవకి అవతల తమిళ వీధుల్లో. ఊరు మధ్యలో పారే ఆ కాలవే పాత రోజుల్లో రెండు బస్తీలకీ సరిహద్దు.

ఫ్రెంచి బంగళా చూడగానే మా ఆయన ఇదే మన స్టైల్ అన్నారు. పసుపు గోడలు, తెల్ల అంచులు, పైన విల్లులా వంగిన కిటికీలు, పద్నాలుగు అడుగుల ఎత్తు గది. వీధిలోకి కనిపించేది ఎత్తయిన గోడే, తోటంతా లోపలే. పైన మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె. పగలంతా హాయిగా ఉంది. రాత్రి కష్టాలు మొదలయ్యాయి. అంత ఎత్తు గదికి చిన్న ఏసీ పెట్టారు, అర్ధరాత్రి దాటినా చల్లబడలేదు. గది మూలలో ప్లైవుడ్ అడ్డం కట్టి బాత్రూమ్ చేశారు, దానికి పైకప్పు లేదు, కాబట్టి తేమంతా మంచం మీదికే. గోడ అడుగున పెయింటు పొక్కులు పొక్కులుగా లేచింది. పాత సున్నపు గోడ ఊపిరి పీల్చే గోడ. దాని మీద గాలి దూరని ప్లాస్టిక్ పెయింటు కొడితే సముద్రపు తేమ లోపలే ఉండిపోయి పూతని తోసేస్తుంది. రాత్రికి 6,500 తీసుకున్న చోట ఇంత చిన్న విషయం చూసుకోకపోవడం బాధనిపించింది. పొద్దున చెబితే రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగానే విని రాసుకుంది, కానీ మార్చడానికి వేరే గది లేదు.

అయితే ఆ గదిలో ఒక వస్తువు నన్ను కట్టిపడేసింది. కిటికీల చెక్క తలుపులు, పలకలు ఏటవాలుగా పేర్చినవి. మధ్యాహ్నం మూడింటికి వాటిని మూసి మంచం మీద పడుకున్నాను. ఎండ సన్నటి గీతలై నేల మీద పడింది, గాలి మాత్రం ఆగలేదు. కర్టెన్ వేస్తే వెలుతురుతో పాటు గాలీ ఆగిపోతుంది. ఈ తలుపు ఆ రెంటినీ విడదీస్తోంది.

తమిళ వీధిలో ఇల్లు 4,000కే దొరికింది. ముందు అరుగు, దాని మీదికి వీధి వైపు దిగిన పెంకుల చూరు, లోపల ఆకాశం కనిపించే చిన్న ముంగిలి. మా అత్తయ్య గుమ్మం దాటుతూనే "ఇది మా పుట్టిల్లే" అన్నారు. ఆవిడ కోనసీమలో మండువా లోగిలిలో పెరిగారు. సామాను దించకముందే ముంగిలి మూలలో తూము ఎక్కడుందో వెతికి చూసుకున్నారు. వాననీళ్ళు ఎటు పోతాయో తెలిస్తే గాని ఆవిడకి ఇల్లు నచ్చదు. ఇక్కడి ఇళ్ళలో కొన్ని కింద తమిళ పద్ధతిలో, మేడ మీద ఫ్రెంచి పద్ధతిలో ఉంటాయి. వైశ్యాల్ వీధిలో అలాంటి వాటిని వరసగా బాగుచేశారు, 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. సాయంత్రం నడిచి చూడటానికి ఖర్చు లేని చోటు. ఈ బసలో లోపం ఒక్కటే. ముంగిలిలో ఎవరు మాట్లాడినా అన్ని గదుల్లోకీ వినిపిస్తుంది. ఒకే కుటుంబం ఉండే ఇంట్లో అది సుఖం, ఏడు గదుల్లో ఏడు కుటుంబాలున్న చోట రాత్రి పదకొండు దాకా నిద్ర ఉండదు.

పుదుచ్చేరిలో గోల్కొండ్ అనే భవనం చూడకుండా రాకండి. అరవిందాశ్రమం వసతిగృహం అది. ముందుగా అనుమతి తీసుకోవాలి, మాకు కుదరక వీధిలోంచే చూశాం. టోక్యోలో పనిచేస్తున్న ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన, ఆయన ఆఫీసులోని జార్జ్ నకాషిమా అక్కడే ఉండి పని చూశాడు, 1937లో మొదలైంది. భారతదేశంలో ఆధునిక శైలికి తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆ పేరెందుకు అంటారా, హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కట్టారు కాబట్టి. గోడకి బదులు పొడవునా అడ్డపట్టీలు, తిప్పుకుంటే గాలి. కప్పు మీద ఖాళీ వదిలి ఇంకో పెంకుల కప్పు. నగిషీ ఒక్కటి లేదు. మినిమలిస్ట్ అంటే తెల్లగోడ, ఖాళీ టేబుల్ అనుకునేదాన్ని. ఎండని లెక్క వేశాకే ఇందులో ఇంకేం అవసరం లేదని తీసేశారని ఆ వీధిలో నిలబడ్డాక అర్థమైంది.

అక్కడి నుంచి తిరుచ్చి మీదుగా కారైక్కుడి వైపు, అంటే చెట్టినాడుకి, ఆరు గంటల దారి. అసలు మనసంతా ఇక్కడే ఉంది నాకు.

కానాడుకాత్తాన్ అనే ఊళ్ళో బాగుచేసి గదులుగా ఇస్తున్న పాత ఇంట్లో రెండు రాత్రులున్నాం. రాత్రికి 9,000, టిఫిన్‌తో కలిపి. ఈ ప్రాంతం నగరత్తార్లు అనే వర్తకులది. బర్మా, సిలోన్, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారాలు చేసి, సుమారు 1850 నుంచి 1940ల దాకా ఈ ఇళ్ళు కట్టుకున్నారు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు ఓడల్లో వచ్చాయి. ఇల్లు ఒక వీధిలో మొదలై వెనక వీధిలో తేలుతుంది. ముందు అతిథుల పంచ, తర్వాత స్తంభాల మధ్య పెద్ద మండువా, దాని వెనక ఇంకోటి, చివర వంటిల్లు. వీధి గుమ్మంలో నిలబడితే తలుపుల వెనక తలుపులు, మధ్య మధ్య వెలుగు మడుగులు.

ముందు చెప్పుకోవాల్సింది మా ఫిర్యాదు. గది చీకటి. ఒకే కిటికీ, పొద్దున పదింటికి కూడా లైటు వేసుకోవాల్సి వచ్చింది. మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి, అత్తయ్య మోకాళ్ళ వల్ల కింద గదే అడిగి తీసుకున్నాం. చీకటి సంగతి అక్కడ చాలా ఏళ్ళుగా కాపలా ఉన్న పెద్దాయనకి డ్రైవర్ చేత చెప్పించాను. ఆయన నొచ్చుకోలేదు. పెళ్ళయిన కొడుకులకి తలా ఒక గది ఇచ్చేవారట, అందులో పెట్టెలూ నగలూ కాపురానికిచ్చిన సామానూ పెట్టుకునేవారట. పగలు అందులో ఎవరుంటారమ్మా, బతుకంతా మండువాలోనే కదా అన్నాడు. ఆ మాటతో డిజైనర్ చూపించిన చెట్టినాడ్ బొమ్మ నా కళ్ళ ముందే చెదిరిపోయింది. నల్లటి టేకు స్తంభాలు, బరువైన తలుపులు, ముదురు రంగు నేల, ఇవన్నీ నిలబడేది మధ్యలో ఆకాశం తెరిచి ఉంది కాబట్టే. మండువా లేని ఫ్లాట్ హాల్లో వాటిని దించితే మిగిలేది ఆ గది చీకటే.

మధ్యాహ్నం రెండింటికి, బయట నిప్పులు చెరుగుతున్నప్పుడు, పెద్దాయన నా చెయ్యి గోడకి ఆనించమన్నాడు. చల్లగా, గాజులా నున్నగా ఉంది. నా గాజుల నీడ అందులో కనిపించింది. గానుగ సున్నం, కరక్కాయ, తాటిబెల్లం నీళ్ళు, పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన. పూత మీద పూత వేసి రాయితో నూరి నూరి ఆ మెరుపు తెస్తారు. దానికి రంగు వెయ్యరు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇప్పుడు ఆ పని వచ్చిన మేస్త్రీలు తక్కువ, కూలీ ఎక్కువ. మా ఇంటికి పెట్టుకోలేమని అప్పుడే అర్థమైంది, కానీ అలాంటి గోడని ఒకసారి తాకినందుకు సంతోషంగా ఉంది.

భోజనం గురించి ఒక మాట. పొద్దున పదిలోపు చెబితే అరిటాకు వేసి వడ్డిస్తారు, దానికి వేరే డబ్బు. అత్తయ్యకి ఉల్లి లేకుండా వేరే కూర చేసి పెట్టారు, అడిగినందుకు విసుక్కోలేదు. ఆ ఆదరణకే నేను ఈ బసని మిగతా రెంటి కంటే పైన పెడతాను, చీకటి గది అయినా సరే.

మర్నాడు దగ్గర్లోని ఆత్తంగుడి అనే ఊరు వెళ్ళాం. అక్కడి పెద్ద భవనాన్ని నామమాత్రం టికెట్‌తో చూపిస్తారు, పైకప్పు నగిషీలు మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. నాకు మాత్రం టైల్స్ చేసే షెడ్డులోంచి కాలు కదల్లేదు. ఒకామె నేల మీద కూర్చుని గాజుపలక తుడిచింది. చుట్టూ ఇనప చట్రం బిగించి, అందులో పువ్వు ఆకారంలో అరలున్న అచ్చు దించింది. ఒక్కో అరలో గరిటెతో ఒక్కో రంగు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మజ్జిగంత పలచన. అచ్చు పైకి లాగేసింది. రంగులు కలిసిపోతాయని నేను ఊపిరి బిగపట్టాను, కలవలేదు. వెంటనే పొడి సిమెంటు, ఇసుక జల్లింది, ఆపైన తడి మాలు వేసి తాపీతో సమం చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బట్టీ లేదు, కాల్చడం లేదు. ఆరాక నీళ్ళ తొట్టిలో కొన్నాళ్ళు నానబెట్టి ఎండనిస్తారు. గాజు ఊడి వస్తుంది, దాని నునుపు టైలుకి మిగులుతుంది. అచ్చు లేకుండా చేత్తోనే రంగు తిప్పి డిజైన్ తెచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు.

కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి పాత సామాన్ల అంగళ్ళు కూడా చూశాం. వారసులు పదుల సంఖ్యలో పెరిగి, ఎవరూ మరమ్మతు చేయించలేక కూల్చేసిన ఇళ్ళ స్తంభాలూ తలుపులూ అక్కడికి వస్తాయి. 45,000 చెప్పిన ఒక ద్వారబంధం మీద గజలక్ష్మి, ఆమె పాదాల దగ్గర ఇంకా పసుపు ఆనవాళ్ళు. కొనబుద్ధి కాలేదు. ఎవరింటి గడపో అది.

వచ్చాక డిజైనర్‌తో మళ్ళీ కూర్చున్నాం. హాల్లో ఫాల్స్ సీలింగ్ వద్దన్నాం, ఉన్న పదిన్నర అడుగుల ఎత్తు తగ్గించుకోవడం ఎందుకు. పడమటి కిటికీలకి పుదుచ్చేరి మాదిరి ఏటవాలు పలకల తలుపులు వడ్రంగికి చెప్పాం. వంటింట్లో మాడ్యులర్ అలాగే ఉంచాం, అది నాకు కావాలి. తెల్లగోడలు కూడా ఉంచాం. స్కాండినేవియన్ పద్ధతి చలికాలం వెలుతురు తక్కువైన దేశాలది, ఉన్న కాస్త వెలుగునీ గది నిండా పరచడానికి పుట్టింది. మాకు వెలుగు కరువు లేదు గానీ, మూడు వైపులా పక్కిళ్ళున్న మా వెనక గదికి అదే సరిపోయింది. మండువా కట్టే స్థలం మాకు లేదు. మెట్ల పక్కన మూడడుగుల ఖాళీని మాత్రం పైదాకా తెరిపించి, తూము పెట్టించాం.

ఆత్తంగుడి టైల్స్ ముందు వరండాకి, పూజగదికి కలిపి 280 చదరపు అడుగులు తెప్పించాం. గడ్డిలో పేర్చి లారీలో వచ్చాయి, పదకొండు పగిలాయి. పగుళ్ళకి ముందే పది శాతం ఎక్కువ ఆర్డర్ పెట్టమని షెడ్డువాళ్ళు చెప్పారు, వినడం మంచిదైంది. మా మేస్త్రీ అలవాటు కొద్దీ యాసిడ్‌తో కడగబోతే ఆపాం, యాసిడ్ పడితే రంగు తినేస్తుంది. తొలి వారం పాలిపోయినట్టు ఉండి మా ఆయన టెన్షన్ పడ్డారు. అత్తయ్య రోజూ పొద్దున కొబ్బరినూనె చుక్క వేసిన గుడ్డతో వరండా అంతా తుడుస్తున్నారు. ఇప్పటికి రెండు నెలలైంది. అరుగు వైపు, ఆవిడ కూర్చునే చోట, ఎరుపు ముదిరింది.