లేజీ బైండింగ్‌తో 8 ఏళ్లు

మా ప్లగిన్లలో ఒకదానిలో, డిస్క్ నిండినప్పుడు మాత్రమే పిలిచే ఫంక్షన్ ఒకటుంది. అది వేరే లైబ్రరీలోంచి రావాలి. ఒక సర్వర్‌లో ఆ లైబ్రరీ పాత వెర్షన్, అందులో ఆ పేరే లేదు. అయినా ప్రోగ్రామ్ 3 నెలలు చక్కగా నడిచింది. ఓ రాత్రి డిస్క్ నిండింది. ఆ సంగతి చెప్పాల్సిన ఫంక్షన్ దొరక్క, 'సింబల్ లుకప్ ఎర్రర్' (అడిగిన పేరు, అంటే సింబల్, దొరకలేదు) అని ఒక్క లైను వదిలి ప్రోగ్రామ్ పోయింది. లేజీ బైండింగ్, అంటే లైబ్రరీలోని ఫంక్షన్ ఎక్కడుందో ముందే కాకుండా తొలిసారి పిలిచినప్పుడే వెతకడం, దాని గురించి శ్రద్ధగా చదివింది ఆ రాత్రే. అప్పటికే 5 ఏళ్లుగా వాడుతున్నాను, తెలియకుండా!

లినక్స్‌లో ఇది పనిచేసే తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. షేర్డ్ లైబ్రరీలోని (చాలా ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ) ఫంక్షన్‌ని పిలిస్తే ముందు పీఎల్‌టీ అనే చిన్న కోడ్ ముక్కకి వెళ్తాం. అది జీఓటీ అనే అడ్రసుల పట్టికలోని గడి చూసి, అందులో ఉన్న అడ్రసుకి దూకుతుంది. తొలిసారి ఆ గడిలో అసలు అడ్రసు ఉండదు, దారి తిరిగి లోడర్ (లైబ్రరీలని మెమరీలోకి తెచ్చి ప్రోగ్రామ్‌కి కలిపేది) దగ్గరికే చేరుతుంది. లోడర్ పేరు పట్టుకుని లైబ్రరీలన్నీ వరసగా వెతికి, దొరికిన అడ్రసుని గడిలో రాసేస్తుంది. రెండోసారి నుంచి వెతుకులాట లేదు. ఇదంతా ఫంక్షన్ పిలుపులకే. గ్లోబల్ వేరియబుల్స్ అడ్రసులు లోడ్ అయ్యేటప్పుడే తేలిపోవాలి. తొలి పిలుపు నెమ్మదని మరిచిపోయి బెంచ్‌మార్క్ అంకెలతో ఒక రోజంతా కుస్తీ పట్టాను, అది వేరే కథ.

ఆ రాత్రి తర్వాత, ప్రోగ్రామ్ ముక్కల్ని కలిపి కట్టే లింకర్‌కి 'జెడ్ నౌ' ఇచ్చాను, అంటే పేర్లన్నీ మొదలయ్యేటప్పుడే వెతికేయమని. ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్లగిన్లు తెరిచే డీఎల్‌ఓపెన్ అనే పిలుపులో కూడా లేజీ తీసేసి నౌ పెట్టాను. ఇప్పుడు సింబల్ లేకపోతే ప్లగిన్ అసలు తెరుచుకోదు. దాన్ని పక్కన పెట్టి మిగతా పని నడుస్తుంది. లోడ్ అయ్యాక ఈ పట్టికలకి తాళం వేసే 'రెల్‌రో' అనే ఏర్పాటుతో కలిపితే జీఓటీ మొత్తం రీడ్ ఓన్లీ అవుతుంది, గడుల్లో ఎవరూ తప్పుడు అడ్రసు రాయలేరు.

తలనొప్పి కూడా వచ్చింది. ఒకదాన్నొకటి పిలుచుకునే రెండు ప్లగిన్లు ఉండేవి. లేజీలో ఏది ముందు తెరిచినా సరిపోయేది, ఇప్పుడు మొదటిది తెరవగానే రెండోదాని పేర్లు కావాలని మొరాయించింది. రెండింటికీ కావలసిన ఫంక్షన్లని విడిగా మూడో లైబ్రరీలో పెట్టాల్సి వచ్చింది. నిజానికి ఆ పని ఎప్పుడో చేయాల్సింది.

ప్రోగ్రామ్ మొదలవడం కూడా కంటికి తెలిసేంత నెమ్మదించింది. లేజీకి వెనక్కి వెళ్దామనుకున్నాను. సింబల్స్ జాబితా తీసి చూస్తే, లోపల మాత్రమే వాడే సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్లు కూడా బారెడు పేర్లతో వేలకొద్దీ బయటికి కనిపిస్తున్నాయి. విజిబిలిటీని (పేర్లు లైబ్రరీ బయటికి కనిపించాలా వద్దా అనే సెట్టింగ్) హిడెన్ చేసి, కావలసినవే బయట పెట్టాను. లోపలి పిలుపులు పీఎల్‌టీ దాకా వెళ్లడమే మానేశాయి. పోయిన వేగం దాదాపుగా తిరిగొచ్చింది.

ఒక్క కమాండ్ లైన్ టూల్‌కి మాత్రం లేజీ అలాగే ఉంచాను. దానికి బోలెడు లైబ్రరీలు లింక్ అయ్యుంటాయి, ఒక్కో రన్‌లో పిలిచేది మాత్రం నాలుగైదు ఫంక్షన్లే. స్క్రిప్టులు దాన్ని రోజూ వేలసార్లు నడుపుతాయి. టెస్టులప్పుడు మాత్రం, పేర్లన్నీ మొదట్లోనే వెతికించే ఎల్‌డీ_బైండ్_నౌ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి నడుపుతాను.