బీఎస్సీ కెమిస్ట్రీ: గైడా, తెలుగు నోట్సా, బాణం గుర్తులా?

మా తమ్ముడు ఈ ఏడాది బీఎస్సీ కెమిస్ట్రీలో చేరాడు. ఇంటర్ దాకా వాడిది తెలుగు మీడియం, నాదీ అంతే. మొదటి వారం కాగానే ఫోన్ చేసి, "అక్కా, ఆర్గానిక్ ఏమీ బుర్రకెక్కట్లేదు. గైడ్ కొని బట్టీ పట్టేయనా, పాఠాలన్నీ తెలుగులో రాసుకుని చదవనా?" అని అడిగాడు. ఆ రెండూ చేసి, చివరికి మూడో దారి పట్టినదాన్ని నేను. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియంలోనే అన్నారు కాబట్టి, వాడిలా తడబడుతున్న పిల్లలు ఊరూరా ఉన్నారు.

గైడ్‌ను నేను తీసిపారేయను. పరీక్షకు పది రోజులుందనగా, టెన్షన్‌తో తిండి సహించని సమయంలో, ముఖ్యమైన ప్రశ్నలు ఏరి ఇచ్చిన పుస్తకం చేతిలో ఉంటే ధైర్యమే. ఫస్ట్ సెమిస్టర్ నేను దానితోనే గట్టెక్కాను. దెబ్బ తగిలింది ఆ తర్వాత. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే 2-బ్రోమోప్రొపేన్ వస్తుందని, అది ఎక్కువ హైడ్రోజన్లున్న కార్బన్‌కే మరో హైడ్రోజన్ చేరుతుందనే మార్కోవ్నికోవ్ నియమమని పొల్లు పోకుండా రాయగలిగేదాన్ని. పరీక్షలో అదే ప్రశ్నకు 'పెరాక్సైడ్ సమక్షంలో' అన్న ముక్క చేర్చి ఇచ్చారు. నేను అదే జవాబు రాసి వచ్చాను. రావలసింది 1-బ్రోమోప్రొపేన్.

ఆ తర్వాత తెలుగు నోట్సు మొదలుపెట్టాను. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు. రియాక్టెంట్ అంటే క్రియాజనకం, ప్రోడక్ట్ అంటే క్రియాజన్యం, కేటలిస్ట్ అంటే ఉత్ప్రేరకం. ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదివిన మాటలు మళ్లీ కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. భయం పోవడానికి ఇది నిజంగా మంచి మందు. కానీ ఒక్కో పేజీకి గంట పట్టేది. పరీక్షలో మళ్లీ అంతా ఇంగ్లీషులోకి మార్చాలి. నలభై పేజీలు దాటేసరికి క్లాసు నాకంటే రెండు యూనిట్లు ముందుకెళ్లిపోయింది.

మూడో దారి మా మేడమ్ చూపించారు. ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచి అదే ప్రొపీన్ చర్య వేయమన్నారు. చర్యలో ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణంతో చూపించాలి. నేను హైడ్రోజన్ నుంచి, రెండు కార్బన్‌ల మధ్య ఉన్న ద్విబంధం వైపు బాణం గీశాను. "ఎలక్ట్రాన్లు ఎవరి దగ్గరున్నాయమ్మా?" అన్నారు. ద్విబంధం దగ్గర అన్నాను. "మరి ఉన్నవాళ్లు లేనివాళ్లకిస్తారా, లేనివాళ్లు ఉన్నవాళ్లకిస్తారా?" బాణం చెరిపి తిప్పి గీశాను.

అక్కడి నుంచి మిగతాదంతా దానంతటదే వచ్చింది. ద్విబంధం తన ఎలక్ట్రాన్ జంటతో హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. అది చివరి కార్బన్‌కు చేరితే ధనావేశం మధ్య కార్బన్ మీద పడుతుంది. దానికి రెండు పక్కలా కార్బన్‌ల ఆసరా ఉంది కాబట్టి ఆ బరువు మోయగలదు. బ్రోమైడ్ వచ్చి అక్కడే అతుక్కుంటుంది. పెరాక్సైడ్ ఉంటే ముందు వచ్చేది హైడ్రోజన్ కాదు, బ్రోమిన్ పరమాణువు. అది చివరి కార్బన్‌ను పట్టుకుంటుంది, ఒంటరి ఎలక్ట్రాన్ మధ్యలో మిగులుతుంది, హైడ్రోజన్ తర్వాత అక్కడికి చేరుతుంది. రెండింటిలోనూ బరువు మోసేది మధ్య కార్బనే, ఎవరు ముందు వచ్చారన్నదే తేడా. నేను పరీక్షలో పోగొట్టుకున్న మార్కులన్నీ ఈ ఒక్క తేడాలో ఉన్నాయి.

తర్వాత తెలిసిన ఒక సంగతి నన్ను బాగా కదిలించింది. మార్కోవ్నికోవ్ తన నియమం చెప్పింది 1869లో. ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ కనిపెట్టింది 1897లో. అంటే ఆ నియమం చెప్పిన మనిషికి కూడా ఎలక్ట్రాన్ల లెక్క తెలియదు. అది తిరగబడడానికి కారణం పెరాక్సైడేనని రసాయన శాస్త్రవేత్త ఖరాష్ 1933లో చెప్పేదాకా ఈ చర్య పెద్ద పెద్ద శాస్త్రవేత్తలనే తికమక పెట్టింది. మొదటి నెలలో మనకు అర్థం కాలేదని ఏడవనక్కర్లేదు.

ఈ దారిలో కష్టం లేదని చెప్పను. పక్కవాళ్లు యూనిట్ ముగించేసరికి మనం నాలుగు చర్యల దగ్గరే ఉంటాం. కారకాల పేర్లు, లవణంలో ఏముందో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్‌లో గ్రూపుల వరుస ఎలాగూ కంఠతా పట్టాల్సిందే, అక్కడ బాణాలు పనిచేయవు. అయినా తెలుగు మీడియం పిల్లలకు నేను దీన్నే చెబుతాను. బాణానికి భాష లేదు. మనసులో తెలుగులో ఆలోచించుకుంటూ గీయొచ్చు, కింద రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాస్తే జవాబు నిండుతుంది.

అందుకే తమ్ముడికి ఇలా చెప్పాను: రోజూ మూడు చర్యలు పుస్తకం మూసి గీయి, అర్థం కాని మాటకు మాత్రమే పక్కన తెలుగు రాసుకో, గైడ్ చివరి పది రోజులకు కొనుక్కో. నిన్న రాత్రి నోట్సు ఫొటో తీసి పంపాడు. బాణం దిశ సరిగ్గానే ఉంది. తోక మాత్రం ద్విబంధం మీద కాకుండా కార్బన్ అక్షరం మీద మొదలైంది. అది సరిచేసి మళ్లీ పంపమన్నాను.